మావ్సి కొలిచిన గ్యాస్ నూనె

నేనేం ఉద్యోగం చేస్తానో మా అవ్వకు, అంటే మా అమ్మకు, చివరిదాకా అర్థం కాలేదు. కరీంనగర్‌లో మా వాడకట్టు వాళ్ల కొడుకులు బడిపంతుళ్లో, తాసిల్ కచేరీలో గుమాస్తాలో అయ్యారు. ఎవరేం చేస్తారంటే ఒక్క మాటలో చెప్పేయొచ్చు. నా సంగతి అట్లా కాదు. బొంబాయిలో ఒక సలహాల కంపెనీ ఉంది, అది చమురు కంపెనీలకు వ్యాపారం ఎట్లా నడుపుకోవాలో చెబుతుంది, అందులో నేనొకణ్ణి. ఇంత పొడుగు చెప్పేసరికి అడిగినవాళ్లు దిక్కులు చూసేవాళ్లు.

"అంటే నువ్వు నూనె అమ్ముతవా?" అని అడిగింది అవ్వ.

"నేను అమ్మనవ్వా. అమ్మెటోళ్లకు ఎట్ల అమ్మాల్నో చెప్త."

"గది ఆళ్లకు తెల్వదా?"

"తెలుసు."

"మరి తెలిసినోళ్లకు చెప్తే నీకు జీతమెందుకిస్తరు?"

పక్కన కూచుని చుట్ట కాలుస్తున్న బాపు నన్ను ఆదుకున్నాడు. "నవాబు పోయిండు, సర్కారు మారింది, సేర్లు పోయి లీటర్లొచ్చినయ్. గిసొంటి నౌకర్లు గూడ వచ్చినయేమో తియ్యి" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నౌకరీకి కావలసింది పెద్ద చదువేం కాదు. నాకు చిన్నప్పటినుంచి ఒక జబ్బు ఉంది. ఏదైనా కనబడితే ఇది ఎందుకిట్లా ఉంది అని తెలుసుకునేదాకా నాకు అన్నం సయించదు. బడిలో ఈ జబ్బుకు దెబ్బలు పడ్డాయి. బొంబాయిలో దీనికే జీతం ఇచ్చారు. తరవాత ముప్పాతిక దేశం తిరిగాను, చమురు శుద్ధి చేసే కార్ఖానాలు చూశాను, పెట్రోలు పంపులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసేయాలో చెప్పాను. చాలా మంది పెద్దమనుషులు నా మాట విన్నట్టు తలాడించారు. అవన్నీ ఇప్పుడు కలగాపులగంగా ఉన్నాయి. ఆదిలాబాద్‌లో స్టేషన్ దగ్గరి గ్యాస్ నూనె డిపో మాత్రం గోడలతో సహా గుర్తుంది.

మా వైపు కిరసనాయిలును గ్యాస్ నూనె అంటారు. అరవైల మొదట్లో పట్నాల్లో నాలుగు వీధులకు కరెంటు వచ్చింది గాని, మిగతా జిల్లా అంతా ఈ నూనె మీదే వెలిగేది. సిరిసిల్ల మగ్గాలకు అదే వెలుగు, ఊళ్లల్లో కందిళ్లకు అదే, బుడ్డిదీపాలకూ అదే. కంపెనీ ఈ నూనెను వ్యాగన్లలో పంపేది. ప్రతి పట్నంలో ఒక ఏజెంటు దాన్ని ఇనుప ట్యాంకులో నింపుకొని అమ్మేవాడు. నూనె కంపెనీది, ఏజెంటుకు కమీషను. వచ్చిన నూనెకూ అమ్మిన నూనెకూ కొంచెం తేడా వస్తే కంపెనీ చూసీచూడనట్టు వదిలేసేది. ఎక్కువ తగ్గితే కమీషన్లో కోసేది. మరీ తగ్గితే ఏజెన్సీ తీసేసేది.

ఈ తగ్గుదల ఎందుకొస్తుందో కనుక్కోమని ఒక చమురు కంపెనీ మమ్మల్ని అడిగింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నా వంతుకు వచ్చాయి. "నీ ఊరే కదా" అన్నాడు మా ఆఫీసు పెద్దాయన, రెండు జిల్లాలూ ఒకే సందులో ఉన్నట్టు. ఆయన బొంబాయి వదిలి పూనా కంటే ఇవతలికి ఎన్నడూ రాలేదు.

కరీంనగర్ డిపోలో నాకు సంగతి త్వరగానే తెలిసింది. చలికాలం నూనె తగ్గుతోంది, ఎండాకాలం పెరుగుతోంది, ఏడాది తిరిగేసరికి సరిపోతోంది. ఇందులో మాయేం లేదు. నూనె చలికి ముడుచుకుంటుంది, వేడికి పొంగుతుంది. సముద్రం ఒడ్డున కంపెనీ పెద్ద ట్యాంకుల దగ్గర వేడి చూసే గొట్టం పెట్టి, దాన్ని బట్టి కొలత సవరించుకుంటారు. మారుమూల డిపోల్లో ఎవరికీ అంత ఓపిక లేదు. కాలేజీలో చదివిన చదువు ఇన్నాళ్లకు పనికొచ్చిందని మురిసిపోతూ బొంబాయికి రాసి పంపాను.

ఆ మురిపెం వారం కూడా నిలవలేదు. మా పెద్దాయన నన్ను పిలిపించి ఆదిలాబాద్ కాగితాలు ముందు పెట్టాడు. అక్కడ చలికాలం నూనె బాగా తగ్గుతోంది. తగ్గాల్సిందే, మా ప్రాంతంలో ఆదిలాబాద్ చలిని మించిన చలి లేదు. అయితే ఎండాకాలం అక్కడ నూనె పెరగడం లేదు. ఏ ఎండాకాలం చూసినా వచ్చినంత నూనే పోయింది. చుక్క మిగల్లేదు.

"నీ లెక్క ప్రకారం మేనెలలో మిగలాలి. మిగిలింది ఎవరు తీసుకుంటున్నారు?" అన్నాడాయన.

నా లెక్క రాకముందు ఆదిలాబాద్ ఏజెంటు కంపెనీ దృష్టిలో ఒక చేతగాని మనిషి. నా లెక్క వచ్చాక దొంగ అయి కూచున్నాడు. వానలు పడకముందే ఏజెన్సీ తీసేసి ఇంకొకరికి ఇవ్వాలని కంపెనీ అనుకుంటోందట. ఆ ఇంకొకరు ఊళ్లో తయారుగా కూడా ఉన్నారట.

"ఒకసారి నేను పోయి చూసి వస్తాను" అన్నాను.

"మేనెలలో ఆదిలాబాద్ పోతానని తనంతట తాను అడిగిన మనిషిని నిన్నే చూస్తున్నాను" అని మా పెద్దాయన నవ్వాడు.

కరీంనగర్ నుంచి బస్సు పట్టుకొని, నిర్మల్ దాటి, ఘాట్లెక్కి ఆదిలాబాద్ చేరాను. దారి పొడుగునా టేకుచెట్లు ఒక్క ఆకు లేకుండా నిలబడ్డాయి. పత్తి జిన్నింగు మిల్లులు సీజను అయిపోయి మూసి ఉన్నాయి. కంచెలకూ తుమ్మముళ్లకూ పట్టిన దూది మాత్రం ఇంకా అట్లాగే వేలాడుతోంది. బజారులో సగం మాటలు తెలుగు, సగం మరాఠీ, బేరం తెగని చోట ఉర్దూ.

డిపో స్టేషన్‌కు ఆనుకొని ఉంది. ముందు ఒక అర, వెనక పెద్ద వాకిలి, వాకిట్లో ఇటుకల దిమ్మె మీద ఇనుప ట్యాంకు, ఆ వెనక ఇల్లు. ఏజెంటును అందరూ సేటు అనేవాళ్లు. యాభై దాటిన మనిషి, తెల్లధోతి, నల్లటోపీ, మెత్తటి గొంతు. కొన్నేళ్ల కింద వ్యాగను దింపించుకుంటూ స్టేషన్లోనే ఎండదెబ్బకు పడిపోయాడట. బతకడమే కష్టమైందట. అప్పటినుంచి ఎండాకాలం మధ్యాహ్నాలు భార్య ఆయన్ను గడప దాటనివ్వదు. ఆ వేళ వాకిట్లో నూనె కొలిచేది ఆవిడే.

ఆవిడ పెన్‌గంగ అవతలి మనిషి. పుట్టిల్లు మరాఠీ, కాపురం తెలుగు. ఊరంతా ఆవిణ్ణి మావ్సి అంటుంది, మరాఠీలో పిన్నమ్మ అన్నమాట. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా మావ్సి అనే పిలిచేవాళ్లు. నేనొచ్చిన పని ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. బొంబాయి నుంచి కంపెనీ మనిషి వచ్చాడంటే, ఎండలో పాపం ఎవరి బిడ్డో అని మజ్జిగ ఇచ్చింది.

మొదటి రోజే నేను ఆవిడ కొలతను గమనించాను. అనుమానించడం నా పని, సిగ్గుపడితే కుదరదు. నెత్తిన కొంగు, చేతిలో లీటరు డబ్బా. మొదటి డబ్బాను ఒకటి అనదు, 'లాభం' అంటుంది, అందరిలాగే. తరవాత రెండు, మూడు. డబ్బా అంచు మీద నూనె ఉబ్బి నిలబడితే గాని గరాటులో పోయదు. ఆవిడ చూడకుండా ఒక మనిషి దగ్గర సీసా తీసుకొని, నాతో తెచ్చుకున్న కొలతలో పోసి చూశాను. చుక్క తక్కువ లేదు. మరి ఈ ఎండలో, ఈ ట్యాంకులో, నూనె మిగలకుండా ఎట్లా ఉంటుంది? ట్యాంకు చుట్టూ తిరిగాను. కారడం లేదు. కింద మన్ను తీసి వాసన చూశాను. అది చూసి మావ్సి, "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?" అంది.

"ఏం లేదు మావ్సీ, చూస్తున్న."

"మన్నుల ఏం సూస్తవ్? నీడకు రా, తల పగుల్తది."

సాయంత్రం సంగతి తెలిసింది. ఎండ తగ్గగానే మావ్సి వంటకు లోపలికి పోయింది, సేటు వాకిట్లోకి వచ్చాడు. రాగానే దిమ్మె ఎక్కి ట్యాంకులోకి కొలకర్ర దించాడు. తడి ఎంతవరకు వచ్చిందో చూసి, ఆ రోజు అమ్మకం లెక్కతో పోల్చుకొని, మొహం చిన్నబుచ్చుకొని, కర్ర తుడిచి పక్కన పెట్టాడు. తరవాత వచ్చినవాళ్లకు నూనె పోయడం మొదలుపెట్టాడు. లీటరు కొలిచాక కొసరు పోశాడు. కొసరు నాకు తెలియనిదేం కాదు. పాలవాడు పోస్తాడు, నూనెగానుగ దగ్గర పోస్తారు, పోయకపోతే వాడి దుకాణానికి మళ్లీ ఎవరూ పోరు. కానీ కొసరంటే చెంచాడో, రెండు చెంచాలో. ఈయన పోసేది కొసరు కాదు, పెళ్లివిందు. సీసా నిండి కారినా పోస్తున్నాడు. దారిన పోయేవాళ్లను కూడా పిలిచి, "మధ్యాన్నం తీస్కపోయినవ్ గద, బుడ్డి పట్కరా" అని పోస్తున్నాడు. నడుమ మళ్లీ దిమ్మె ఎక్కి కర్ర దించి చూశాడు. ఈసారి మొహం తేటపడింది. ఆ తరవాత వచ్చినవాళ్లకు మామూలు కొసరే పోశాడు.

కాబట్టి మిగిలిన నూనె ఎటు పోతోందో నాకు తెలిసింది. ఎందుకు పోతోందో ఇంకా తెలియలేదు, నా ప్రాణానికి అదే ముఖ్యం. దొంగ అయితే అమ్ముకోవాలి. ఈయన పంచిపెట్టి, కంపెనీ చేత దొంగ అనిపించుకుంటున్నాడు.

"సేటూ, గంత కొసరెందుకు?" అని అడిగాను.

"మా ఊరి పద్ధతి సాబ్" అన్నాడు.

"చలికాలం ఈ పద్ధతి లేదా?"

ఆయన టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వ్యాగను వచ్చిందేమో చూడ్డానికి సేటు స్టేషన్‌కు పోతుంటే వెంట పోయాను. వ్యాగను రాలేదు. ఖాళీ ప్లాటుఫారం మీద బెంచీ ఉంటే కూచున్నాం. నేను దాచకుండా చెప్పేశాను. కంపెనీ మీ ఏజెన్సీ తీసేయబోతోంది, మీరు ఎండాకాలపు నూనె అమ్ముకుంటున్నారని అనుకుంటోంది, మీరు నిజం చెబితే నేను ఆపగలను, చెప్పకపోతే నా చేతుల్లో లేదు అన్నాను. ఆయన ప్లాటుఫారం అటు చివరా ఇటు చివరా చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకున్నాడు.

"రాసుకోకుండ్రి సాబ్" అన్నాడు. "కాయితం మీద వడద్దు."

"రాయను."

"ఎండకాలం నూనె మిగుల్తది. మిగుల్తదంటే ఏంది? కొన్నోళ్లకు తక్కువ వోసినట్టే గద." గొంతు ఇంకా తగ్గించాడు. "ఎండకాలం కొలిచేది ఇంట్ల మనిషి. ఆమె చెయ్యి తక్కువ కొలుస్తది సాబ్. ఇల్లు గడవాలనే కావచ్చు, నా కమీషను కోస్తున్నరని ఆమెకు గుడ తెలుసు. నేను చలికాలం కొలుస్త, నా చెయ్యి జారుడు చెయ్యి, ఎక్కువ వోతది, నష్టమొస్తది. గది నా తప్పు, కట్టుకుంటున్న. ఆమె మిగిల్చింది మాత్రం ఊరోళ్లది. ఊరోళ్లకే పోస్తున్న."

నేను బెంచీ మీద అటు తిరిగి ఆయన మొహంలోకి చూశాను. పరాచికం కాదు. నిజంగానే అనుకుంటున్నాడు.

"మావ్సిని అడగలేదా?"

"ఏమని అడగాలె సాబ్? కాదంటే అబద్ధమాడినట్టు. ఔనంటే ఇగ ఆమె మొకం నేనెట్ల సూడాలె?"

"పక్కన నిలబడి ఒక్కరోజు కొలత చూస్తే తెలిసిపోయేది గదా."

"నిలవడి సూస్తే అడిగినట్టే గద" అన్నాడు. "ఆమె కొలిచిన మొదటి ఎండకాలం సంది ఇదే పరేషాన్. కంపెనీ నన్ను దొంగ అంటే అననీ. నన్నంటే పోయేదేం లేదు."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఒక మనిషి తన పెళ్లాన్ని దొంగ అనుకుంటూ ఇన్ని ఎండాకాలాలు కాపురం చేశాడు. ఆ మాట పైకి రాకుండా ఉండడానికి ఏజెన్సీని కూడా పోగొట్టుకోవడానికి తయారయ్యాడు. ఇంత ప్రేమా, ఇంత తెలివితక్కువతనమా? రెండూ కలిసి ఒక్క మనిషిలో ఎట్లా పట్టాయో నాకు అర్థం కాలేదు.

వేడికి నూనె పొంగుతుందని అక్కడే చెప్పాను. మావ్సి కొలత నేను చూశాననీ, చుక్క తక్కువ లేదనీ చెప్పాను. ఆయన మర్యాదగా విని, "గట్లనా సాబ్" అన్నాడు. తన బాధ తగ్గించడానికి ఈ పిల్లవాడు ఏదో అంటున్నాడన్న జాలి ఆ గొంతులో ఉంది. పాలు పొంగుతాయి, పొయ్యి మీద పెడితే. ఇనుప ట్యాంకులో కూచున్న నూనె ఎందుకు పొంగుతుంది?

మాటలతో అయ్యే పని కాదని, ఆయన చేతే చేయించాను. మర్నాడు పొద్దున ఇంకా చల్లగా ఉండగానే సన్నమెడ సీసా ఒకటి తెప్పించాను. ట్యాంకులోంచి నూనె ఆయనే తీసి, మెడ మొదటివరకు నింపాడు. నూనె ఎక్కడికి ఉందో అక్కడ ఆయనే దారం చుట్టి ముడేశాడు. వాకిట్లో బండ మీద ఆయనే పెట్టాడు. "ఎవ్వరు ముట్టద్దు" అని గట్టిగా అన్నాడు. ఎవరు ముడతారు, ఉన్నది మేమే.

తరవాత ఆయన అక్కణ్ణించి కదిలితే ఒట్టు. ఎండ ఎక్కుతోంది. తల మీద తువ్వాల కప్పుకొని సీసా ముందు గొంతుక్కూచున్నాడు. జనం వస్తున్నారు, మావ్సి కొలుస్తోంది, నడుమనడుమ కేకలేస్తోంది.

"ఇగో, నీకేమన్న పిచ్చి లేసిందా? లోపటికి నడువ్."

"వస్తున్న."

"ఎండదెబ్బ మర్శినవా? నీ కోసం నేనీడ మాడుతుంటే నువ్వు ఆడ కూసుంటవా?"

"వస్తున్ననే, జర ఆగు."

నేను అరుగు మీద నీడలో కూచున్నాను గాని నాకూ స్థిమితం లేదు. చదువుకున్నదే అయినా కళ్లతో ఎన్నడూ చూడలేదు. ఒకవేళ పొంగకపోతే? వెళ్లి చూశాను. నూనె దారాన్ని దాటింది. ఆయన వేలితో దారం తడిమాడు, జారిందేమోనని. జారలేదు. ఇంకాసేపటికి నూనె మెడలో సగానికి ఎక్కింది. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. మొహం మీది చెమట గడ్డం నుంచి కారుతోంది, తుడుచుకోవడం లేదు. మిట్టమధ్యాహ్నానికి నూనె సీసా మూతిదాకా వచ్చి, అంచు మీద ఒక్క క్షణం నిలబడి, పక్కనుంచి జారి బండ మీద పడింది.

ఆయన ఎగిరి లేచాడు. అంత మెత్తటి మనిషి గొంతు స్టేషన్‌దాకా వినబడి ఉంటుంది.

"నువ్వు తక్కువ కొల్వలేదే!" అని అరిచాడు మావ్సి వైపు చేతులు చాపి. "ఎండకే! ఎండకే పెరిగింది! నువ్వు గిసంత గుడ తక్కువ కొల్వలే!"

ఆయన మొహమంతా నవ్వు. కళ్లల్లో నీళ్లు. ఇన్నేళ్ల బరువు దించుకున్న మనిషి సంతోషం అది, దాన్ని చూసి నేనూ నవ్వాను. ఆ మాట వినేవాళ్లకు ఎట్లా వినబడుతుందో ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

మావ్సికి మాత్రం వెంటనే వినబడింది. ఆవిడ చేతిలో నిండు డబ్బా ఉంది. ముందు నిలబడ్డ మనిషి సీసాలో దాన్ని నిదానంగా పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. తరవాత మొగుడి వైపు చూసింది.

"నేను తక్కువ కొలుస్త అనుకున్నవా?" అంది.

ఆయన చేతులు దిగిపోయాయి. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "అది గాదు..." అన్నాడు. ఏది కాదో చెప్పలేకపోయాడు. వరుసలో ఉన్నవాళ్లు ఇద్దరి మొహాలూ చూస్తున్నారు. మావ్సి డబ్బాను ట్యాంకు కొళాయికి తగిలించి, కొంగుతో చేతులు తుడుచుకొని ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం మిగతా నూనె ఆయనే కొలిచాడు. కొసరు పోయడం కూడా మరిచిపోయాడు.

రాత్రి బండికి నేను పోవాలి. పొద్దు వాలాక మావ్సి మా ఇద్దరికీ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. ఆయనకు ఏం తక్కువ చేయలేదు, అడగకుండానే రెండోసారి వడ్డించింది. మాట మాత్రం లేదు. ఆయన తలెత్తలేదు. నేను చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకి వస్తే, చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఎప్పటిసంది గట్ల అనుకుంటున్నడో నీకేమన్న చెప్పిండా?"

మొదటి ఎండాకాలం నుంచీ అని ఆయన బెంచీ మీద చెప్పిన మాట నా చెవుల్లోనే ఉంది. ఆవిడ ఆయన ప్రాణం కోసం ఎండలో నిలబడ్డ మొదటి ఎండాకాలం.

"చెప్పలేదు మావ్సీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, నమ్మిందో లేదో, చెంబు బోర్లించి లోపలికి పోయింది.

బొంబాయి పోయాక నేను రాయాల్సింది రాశాను. ప్రతి డిపోకు వేడి చూసే గొట్టం పంపమన్నాను. ఆదిలాబాద్ ఏజెంటు దొంగ కాదనీ, మిగులు చూపిస్తే తక్కువ కొలిచాడంటారని భయపడి ఊరికి కొసరుగా పోశాడనీ రాశాను. మా పెద్దాయన చదివి, "భయపడితే కంపెనీకి చెప్పొచ్చు కదా, ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ ఎందుకు నాకు తెలుసు. జీవితంలో మొదటిసారి ఒక ఎందుకుకు జవాబు తెలిసి కూడా తెలియదన్నాను. కంపెనీ కొంచెం సణిగి ఏజెన్సీ ఉంచింది. అవ్వకు ఈ సంగతి చెబితే, ఈసారి జీతం ఎందుకిచ్చారని అడగలేదు. "ఆమె ఏమన్నదిరా మల్ల?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదు. ఏడాదంతా ఆ మాటే నన్ను తొలిచింది. నూనె లెక్క తేలాక కూడా తేలనిది ఏదో అక్కడ ఉండిపోయింది.

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి వేడిగొట్టాలు సరిగా వాడుతున్నారో లేదో చూసి వస్తానని నేనే అడిగి బయల్దేరాను. సాకు కంపెనీది, జబ్బు నాది.

డిపో చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వాకిట్లో జనం వరుసగా నిలబడ్డారు. మావ్సే కొలుస్తోంది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు చూశాను, సేటు కూడా బయటే ఉన్నాడు. ట్యాంకు పక్కన ఆయనకొక పీట. పీట పైన తడిపిన గోనెపట్టా పందిరిలా కట్టి ఉంది, ఎండ పొడ తగలకుండా. పక్కన నీళ్ల కూజా, ఆయన నెత్తి మీద తడిగుడ్డ. ఎవరు కట్టారో, ఎవరు తడిపారో అడగక్కర్లేదు.

"లాభం" అంది మావ్సి, డబ్బా అంచుదాకా నింపి. పోయలేదు. ఆ నిండు డబ్బాను రెండు చేతులతో పట్టుకొని, పీట వైపు తిరిగి, ఆయన కళ్ల ముందు పెట్టింది.

"సూసినవా?"

"సూసిన" అన్నాడాయన.

అప్పుడు పోసింది. మళ్లీ నింపింది, మళ్లీ తిరిగింది.

"రెండు. సూసినవా?"

"సూసిన."

గొంతులో కోపం లేదు. నవ్వు కూడా లేదు. బస్సు కండక్టరు టికెట్ అడిగినట్టు అడుగుతోంది. వరుసలో నా పక్కనున్న ముసలామె నా చొక్కా చూసి, పైఊరివాణ్ణని గుర్తుపట్టి చెప్పింది. "కొత్త కానూన్ బిడ్డా. నిరుడు బొంబాయి నుంచి ఎవలో అచ్చి పెట్టిపోయిండట. ఒకలు కొల్వాలె, ఒకలు సూడాలె. మంచిగున్నది, మోసముండది."

నన్ను చూసి సేటు లేచి వచ్చాడు. సన్నబడ్డాడు. ఏజెన్సీ నిలబెట్టానని నా రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకున్నాడు. నేను చేతులు విడిపించుకొని, గొంతు తగ్గించి అడిగాను.

"నిరుటి నుంచీ ఇంతేనా సేటూ?"

"ప్రతి డబ్బా" అన్నాడు. "ఇంట్ల మంచిగనే మాట్లాడ్తది సాబ్. మంచిగనే పెడ్తది. ఈడికి అచ్చినంక ఇగ ఇదే."

"ఎన్నాళ్లట? ఒకసారి అడగకపోయారా?"

ఆయన ట్యాంకు వైపు ఒకసారి తిరిగి చూసి, నా దగ్గరికి జరిగాడు. "గప్పుడు అడుగక గిట్లయింది" అన్నాడు. "గిప్పుడు అడుగుదామంటే భయమైతుంది సాబ్. ఆమె ఏమంటదో..."

"ఇగో" అని మావ్సి పిలిచింది. నిండు డబ్బా చేతిలో ఉంది. నూనె అంచు మీద ఉబ్బి నిలబడింది. వరుసంతా ఆగి ఉంది. "ఎవలన్న సూడకుంట నేను పొయ్యను."

ఆయన మాట మధ్యలోనే వదిలేసి గబగబా వెళ్లి పీట మీద కూచున్నాడు.

"సూస్తున్న" అన్నాడు.